ప్రిస్కిల్లా దేవుడితో మాట్లాడటం మానేసిన ఏడాది

తార్నాక వెనక వీధుల్లో ఉన్న క్రైస్తవ కుటుంబాల్లో ప్రిస్కిల్లా లేనిదే ఏ పనీ మొదలయ్యేది కాదు. పిల్లాడికి హాల్‌టికెట్ వచ్చిందంటే ప్రిస్కిల్లా వచ్చి ప్రార్థన చేయాలి. కొత్త స్కూటర్ కొన్నారంటే తాళం తిప్పకముందే ఆమె దాని సీటు మీద చెయ్యి పెట్టాలి. ఒకసారి ఎవరో కొత్త ఫ్రిజ్‌కి కూడా చేయించారు. ఆమె నవ్వు ఆపుకుని ఆ ఫ్రిజ్‌ని దేవుడి చేతికి అప్పగించి, ఇంటికొచ్చి భర్త సైమన్‌కి చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆమె ప్రార్థన చేస్తే గట్టిగా ఉంటుందని అందరూ అనేవారు. గొంతు సంగతో, నమ్మకం సంగతో ఎవరూ విడమరిచి చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు.

పుట్టింది రేపల్లె దగ్గర. పెళ్ళయి హైదరాబాదు వచ్చింది. సైమన్ ఒక స్కూల్లో లెక్కల మాస్టారు. ఆమెకు యూనివర్సిటీలో ఒక డిపార్ట్‌మెంట్ ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం. పిల్లలు కలగలేదు. మొదట్లో ఆ బాధ ఉండేది, తర్వాత అది కూడా ఇంట్లో పాత బీరువాలా ఓ మూల సర్దుకుంది. ఉదయం ఇద్దరూ కలిసి బయల్దేరేవారు. తార్నాక చౌరస్తాలో ఆయన ఒక పక్కకి, ఆమె క్యాంపస్ వైపుకి. ముప్ఫై ఏళ్ళు అలాగే గడిచాయి. ఊరు దాటాలంటే సైమన్ ఉండాలి, టికెట్లు ఆయన తీయాలి, కిటికీ పక్కన ఆమె కూర్చోవాలి. ఒంటరిగా సికింద్రాబాద్ స్టేషన్ దాకా కూడా ఆమె ఎన్నడూ వెళ్ళలేదంటే ఆఫీసులో ఎవరూ నమ్మేవారు కాదు.

ఆ సైమన్‌కి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది, మాట ముద్దయింది. రెండేళ్ళు మంచం మీదే ఉన్నాడు. పగలు ఆయా ఉండేది, రాత్రి ప్రిస్కిల్లా. మంచాన పడ్డ మనిషిని మధ్యమధ్యలో పక్కకి తిప్పకపోతే వీపు పుండవుతుంది. అందుకని ఆమె రాత్రికి నాలుగైదుసార్లు లేచి ఆయన భుజం కింద చెయ్యి పెట్టి తిప్పేది. తిప్పిన ప్రతిసారీ ఒక మాట ప్రార్థన చేసేది. ఇక చర్చిలో, ఇళ్ళల్లో, ఎక్కడ ఎవరి కోసం ప్రార్థన చేసినా చివర్లో సైమన్ పేరు చేర్చేది. జనం కూడా ఆ పేరు దగ్గర ఇంకాస్త గట్టిగా ఆమెన్ అనేవారు. అంత చేసినా సైమన్ లేవలేదు. వానాకాలం మొదట్లో ఒక తెల్లవారుజామున, ఆమె పక్కకి తిప్పబోయేసరికి, వెళ్ళిపోయి ఉన్నాడు.

సమాధి కార్యక్రమం బాగానే జరిగింది. ప్రిస్కిల్లా ఏడ్చింది, తేరుకుంది, ఆఫీసుకి వెళ్ళింది. ఎంత ధైర్యం చూడు అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళ వేడి తగ్గకముందే జరగవలసింది జరిగింది.

ఎదురింటి సారమ్మ మనవడికి టైఫాయిడ్ వచ్చింది. సారమ్మ రిటైరైన టీచరు, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టించింది. హాలు నిండా చాపలు, చాపల నిండా మనుషులు. పాస్టర్ సామేలుగారు వాక్యం చెప్పాక, "ప్రిస్కిల్లమ్మగారు ప్రార్థన చేస్తారు" అన్నారు. ఆమె మోకరించి మొదలుపెట్టింది. పిల్లాడి జ్వరం, మందులు, డాక్టర్ల చేతులు, అన్నీ వరుసగా వచ్చాయి. నాలుక తనకు అలవాటైన దారిలో నడుచుకుంటూ పోయింది. "అలాగే తండ్రీ, నా భర్త సైమన్‌గారిని నీ చేతులతో ముట్టు. ఆయన్ని స్వస్థపరచు. మంచం మీద నుంచి లేచి నీ మందిరానికి నడిచి వచ్చే భాగ్యం ఆయనకు దయచెయ్యి" అంది.

ఎవరూ ఆమెన్ అనలేదు. వంటింట్లో కుక్కర్ ఒక్కటే కూత వేసింది. ప్రిస్కిల్లా కళ్ళు తెరిచేసరికి అందరి కళ్ళూ అప్పటికే తెరుచుకుని ఉన్నాయి. సమాధి చేసి మూడు నెలలు కూడా కాలేదు. ఎవరో గబగబా ఒక పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్ళు దాన్ని పట్టుకుని గట్టెక్కారు. తర్వాత టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. ఒక్కరంటే ఒక్కరు ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది. "ఏంటే ప్రిస్కిల్లా, అలా అనేశావు" అని ఎవరైనా నవ్వినా, తిట్టినా ఆమె అక్కడే ఏడ్చేసి తేలికపడేది.

ఆ రోజు నుంచి ఆమెని ఎవరూ ప్రార్థన చేయమని అడగలేదు. పాపం, ఇబ్బంది పెట్టొద్దని. మనవాళ్ళ మంచితనం ఇలాగే ఉంటుంది. ఏం చేయాలో తోచకపోతే మనిషిని మెత్తగా పక్కకి జరిపేస్తారు.

ఇంటికొచ్చి ప్రిస్కిల్లా మంచం అంచున కూర్చుని ఆలోచించింది. నోరు జారినందుకు సిగ్గుగానే ఉంది, కానీ అసలు బాధ అది కాదు. తెలియకుండానే అన్ని మాటలు నోట్లోంచి వచ్చాయంటే, ఇన్నేళ్ళూ చేసింది ఎవరు, తనా, తన నాలుకా? నాలుకే అయితే ఆ ప్రార్థనలు ఎక్కడికి పోయాయి? పోనీ అవి నిజంగా తనవే అయితే, అన్ని రాత్రులు అంతగా అడిగితే దేవుడు విననట్టు ఎందుకున్నాడు? రెండు ప్రశ్నల్లో దేనికి జవాబొచ్చినా తనకు మిగిలేదేమీ లేదు. ఆ రాత్రి ఆమె ప్రార్థన చేయకుండా పడుకుంది. మర్నాడూ చేయలేదు. పక్కింటావిడతో తగువు పడి మాటలు మానేసినట్టు, దేవుడితో మాట్లాడటం మానేసింది.

మాటలు మానేసినవాళ్ళ ఇల్లు ఎలా ఉంటుందో అనుభవిస్తేనే తెలుస్తుంది. రాత్రికి నాలుగైదుసార్లు మెలకువ వచ్చేది, అలవాటు ఒంట్లోంచి పోలేదు. లేచి కూర్చునేది. తిప్పడానికి ఎవరూ లేరు. పలకరించడానికి పైనున్నవాడితో పలుకుల్లేవు. మంచినీళ్ళు తాగి, ఫ్యాను చప్పుడు వింటూ తెల్లవారేదాకా అలాగే ఉండిపోయేది. ఒంటరితనం అంటే మనుషులు లేకపోవడమే అనుకునేది అంతకుముందు. దానికి ఇంకా లోతు ఉందని అప్పుడు తెలిసింది.

మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని డిపార్ట్‌మెంట్ వెనక చెట్టు కింద సిమెంటు బెంచీ మీద తినేది. చుట్టూ పోటీ పరీక్షలకు చదువుకునే కుర్రాళ్ళు, వాళ్ళ పుస్తకాలు, వాళ్ళ నీళ్ళ సీసాలు. అందరూ దేనికోసమో కిందామీదా పడుతున్నారు. తనకి కావలసింది ఒక్కటీ కనబడలేదు. పక్క టేబుల్ శైలజ ఇదంతా గమనిస్తూనే ఉంది. ఆమెది జనగామ వైపు, ప్రిస్కిల్లా కంటే చిన్నది, నోరు ఊరుకోదు.

"అక్కా, ఆదివారం చర్చికి వోయి వచ్చినంక ఏం జేస్తవ్?" అంది ఒకరోజు.

"ఏం చేస్తాను, పడుకుంటాను."

"గట్ల గోడలు జూసుకుంట ఎన్ని దినాలు ఉంటవ్. ఆధార్ కార్డు సంచిల ఏసుకో, బస్సెక్కు. ఆడోళ్లకు ఫ్రీ అయినంక మా అత్త ఇంట్ల ఉంటనేలేదు. పొద్దుగాల ఒక గుడి, మాపటికి ఒక చుట్టం."

"ఒక్కదాన్నే ఎక్కడికెళ్ళను శైలజా."

"ఒక్కదానివే పో. బస్సు నిన్ను దించి పారిపోతదా ఏంది."

శైలజకు తెలియనిదేమంటే, అప్పటికే ప్రిస్కిల్లాకు చర్చికి వెళ్ళడం నరకమైపోయింది. తెల్లచీర కట్టుకుని, బైబిలు రెక్సిన్ సంచిలో పెట్టుకుని వెళ్ళి కూర్చుంటే, ప్రార్థన సమయానికి పాస్టరుగారి చూపు వరసలన్నీ తిరిగి తన దగ్గరకొచ్చేసరికి చటుక్కున తల మీదుగా దాటిపోయేది. అలా ఒక ఆదివారం ఇంట్లోంచి చర్చికనే బయల్దేరింది. సారమ్మ బాల్కనీలోంచి చూసి వందనాలు చెప్పింది కూడా. చౌరస్తాకి వచ్చాక కాళ్ళు చర్చి వైపు తిరగలేదు. ఏదో బస్సు ఆగి ఉంది, ఎక్కేసింది.

"ఏడికమ్మా?" అంది కండక్టరు.

"ఈ బస్సు ఎక్కడిదాకా వెళుతుంది?"

ఆ అమ్మాయి ఈమె తెల్లచీర వంక, ముఖం వంక చూసి, "ఉప్పల్" అంది.

"అయితే ఉప్పల్."

ఆడవాళ్ళకిచ్చే జీరో టికెట్ చేతికొచ్చింది. ఉప్పల్‌లో దిగి ఒక టీ తాగి, ఇంకో జీరో టికెట్ మీద తిరిగొచ్చింది. అంతే. దొంగతనం చేసినంత భయం వేసింది, ఆ భయంలో ఎక్కడో కాస్త ఊపిరి కూడా ఆడింది.

తర్వాతి ఆదివారం భువనగిరి దాకా వెళ్ళింది. ఆ తర్వాత జనగామ, సిద్దిపేట. ప్రతిసారీ అదే తెల్లచీర, అదే సంచి. ఏమీ చూసేది కాదు, అంటే జనం చూసేవి చూసేది కాదు. కోటలెక్కలేదు, ఫోటోలు తీసుకోలేదు. బస్టాండు చుట్టూ తిరిగేది, ఇడ్లీ తినేది, కూరగాయల బేరాలు వినేది. ఎవరో ఒకరు తప్పకుండా అడిగేవారు, "ఎవరింటికొచ్చినవమ్మా?" అని. మొదట్లో చుట్టాలింటికని అబద్ధం ఆడేది. జనగామలో అలాగే అంటే ఒక పెద్దాయన ఆ చుట్టాల పేరేంటి, ఇంటిపేరేంటి, ఏ గల్లీ అని పట్టుకుని వదల్లేదు, పాపం దింపి వస్తానని ఆయన తాపత్రయం. అప్పటి నుంచి నిజమే చెప్పడం మొదలుపెట్టింది. "ఎవరింటికీ కాదండీ, ఊరికే వచ్చాను." ఇంత పెద్ద రాష్ట్రంలో ఎక్కడ దిగినా తనకోసం ఎదురుచూసే గడప ఒక్కటి లేదు.

కానీ ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. కిటికీ పక్కన కూర్చుని కూర్చుని ఆమె కళ్ళు మెల్లగా పనిచేయడం మొదలుపెట్టాయి. గొర్రెలు రోడ్డు దాటుతుంటే డ్రైవరు హారన్ కొట్టకుండా ఆగడం, ఒక ముసలాయన బస్సులో నిద్రపోతున్న భార్య తల కిటికీకి తగలకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చోవడం. సోమవారం మధ్యాహ్నం బెంచీ మీద డబ్బా విప్పుకుని అవన్నీ మనసులో చెప్పుకునేది. చూశావా, ఆ ముసలాయన చెయ్యి ఎంత నొప్పి పుట్టి ఉంటుందో, అని. సైమన్‌కే చెబుతున్నాననుకునేది. ఒకరోజు అన్నం కలుపుతూ ఆగిపోయింది. సైమన్‌కి ఇలాంటివి పట్టవు. బతికుండగా ఏదైనా చెప్పబోతే, బస్సు ఎన్నింటికి బయల్దేరింది, ఎన్నింటికి చేరింది అని అడిగి లెక్క తేల్చేసేవాడు. మరి ఇన్నాళ్ళూ ఈ కబుర్లన్నీ ఎవరికి చెబుతున్నట్టు? ప్రిస్కిల్లాకి జవాబు తెలియకపోలేదు. తెలిసే కోపం వచ్చింది. డబ్బా మూత ఠపీమని పెట్టేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంతలో ఏడాది తిరిగొచ్చింది. ఒక సాయంత్రం పాస్టర్ సామేలుగారు ఇంటికొచ్చారు. మంచి మనిషే, కుర్చీ అంచున కూర్చుని తప్పు చేసినవాడిలా చేతులు నలుపుకున్నారు.

"అమ్మా, మాస్టారి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకోవాలి కదా. వచ్చే ఆదివారం సాయంత్రం అనుకుంటున్నాం. మీ ఇంట్లోనే."

"అలాగే అయ్యగారూ."

"ముగింపు ప్రార్థన..." అని ఆయన ఆగిపోయారు.

వాళ్ళ చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. జ్ఞాపకార్థ కూడికలో ముగింపు ప్రార్థన ఇంటివాళ్ళే చేయాలి. పోయినవాళ్ళ గురించి అడగడానికి ఏమీ ఉండదు, ఉన్నవాళ్ళు నిలబడ్డారని నలుగురికీ తెలియడానికే ఆ ప్రార్థన. ప్రిస్కిల్లా ఇంట్లో ఇంటివాళ్ళంటే ప్రిస్కిల్లా ఒక్కతే.

"మీకు కష్టమైతే నేను చేసేస్తానమ్మా. ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారాయన.

"చూద్దాం అయ్యగారూ" అంది. ఆయన వెళ్ళాక చాలాసేపు తలుపు దగ్గరే నిలబడింది. ఆయన చేత చేయిస్తే ఇక అంతే. రేపటి నుంచి ఈ వీధిలో తను ప్రార్థన పోగొట్టుకున్న మనిషి. పోనీ నిలబడి పాత మాటలు అప్పజెబుదామంటే, తను మాటలు మానేసిన దేవుడి ముందు నలుగురి కోసం నటించినట్టు ఉంటుంది. ఆ పని చచ్చినా చేయలేనని ఆమెకు తెలుసు.

ఆ ఆదివారం పొద్దున్నే ఇంటి తాళం సారమ్మ చేతిలో పెట్టి, కుర్చీలవాడు వస్తే వేయించమని చెప్పి బయటపడింది. "చర్చికి రాకుండా ఇవాళ కూడా ఎక్కడికే" అని సారమ్మ అంటున్నా ఆగలేదు. జూబ్లీ బస్టాండులో మెదక్ బస్సెక్కింది. మెదక్‌లోది అంత పెద్ద చర్చి, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి మోకరించే చోటు. అక్కడ కూడా నోరు పెగలకపోతే ఇక ఎక్కడా పెగలదు, తిరిగి రావలసిన పని కూడా లేదు. ఏదో ఒక లాడ్జిలో ఆ రాత్రి ఉండిపోవచ్చు. కూడిక తను లేకుండానే అయిపోతుంది. ఇలా లెక్కలు వేసుకుంటూ వెళ్ళింది.

మెదక్ చర్చి నిండా జనం. ఆరాధన అయిపోయినా గుంపులు గుంపులుగా తిరుగుతున్నారు. ప్రిస్కిల్లా ఒక బల్ల చివర కూర్చుని తల వంచుకుంది. ఎత్తైన కప్పు, రంగురంగుల అద్దాలు, చల్లటి నేల. ఎంతసేపు కూర్చున్నా పాదాల నొప్పి తప్ప ఏమీ తెలియలేదు. ఎవరో భుజం తట్టారు. ఒక కుర్రజంట, చేతిలో చంటిపాప. "ఆంటీ, కొంచెం ఫోటో తీస్తారా, ముగ్గురం పడాలి" అన్నారు. తీసిచ్చింది. వాళ్ళు ఫోను చూసుకుని మురిసిపోతూ వెళ్ళిపోయారు. ఆమె మళ్ళీ కూర్చోలేదు. నువ్విక్కడ కూడా పలకవు, నేనూ పలకను, సరిపోయింది అనుకుని బయటికొచ్చేసింది.

బస్టాండులో ఒక బస్సును కావాలనే వదిలేసింది. లాడ్జి బోర్డు దాకా వెళ్ళింది. మెట్ల మీద కూర్చున్న మనిషి ఆమెను ఎగాదిగా చూసి, "ఎంతమంది?" అన్నాడు. ఒక్కదాన్నే అని చెప్పడానికి ఆ పూట ఆమెకు ఓపిక లేకపోయింది. తిరిగొచ్చి తర్వాతి బస్సెక్కింది. కూడికకు అందుకుంటుందో లేదో తెలియదు, అందుకోవాలని ఉందో లేదో అదీ తెలియదు.

తూప్రాన్‌లో ఒక పెద్దామె ఎక్కింది. ఒక చేతిలో స్టీలు క్యారియరు, ఇంకో చేతిలో బట్టల మూట. "జర జరుగమ్మా" అంటూ ఇద్దరి సీట్లో ముగ్గురికి చోటు చేయించి ప్రిస్కిల్లాను కిటికీకి నొక్కేసింది. మూట ఒళ్ళో పెట్టుకున్నాక ఆమె చూపు తెల్లచీర మీద పడింది, తర్వాత సంచిలోంచి కనబడుతున్న బైబిలు మీద.

"నువ్వు ప్రార్థనోళ్ల మనిషివా అమ్మా?"

ప్రిస్కిల్లా అవునని అనలేక, కాదని అనలేక తల ఊపింది.

ఆమె పేరు లింగమ్మ. భర్త వెంకటనర్సయ్య సికింద్రాబాద్‌లో పెద్ద దవాఖానలో ఉన్నాడు. కడుపులో గడ్డ, మర్నాడు పొద్దున ఆపరేషన్. కొడుకు అక్కడ ఉన్నాడు. ఈమె ఇంటికెళ్ళి గొడ్లను పక్కవాళ్ళకు అప్పజెప్పి, ఇంత వండుకుని మళ్ళీ పోతోంది. ఇదంతా రెండు స్టాపులు దాటకముందే చెప్పేసింది. చెప్పి, "మా ఆయనకు జర ప్రార్థన చెయ్యమ్మా" అంది.

"ఇక్కడా?"

"గీడ చేస్తె ఇనబడదా దేవునికి?"

ప్రిస్కిల్లా కిటికీ వైపు తిరిగింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట, ముక్కూమొహం తెలియని మనిషికి చెప్పేసింది. "అమ్మా, నేను వద్దు. మా ఆయన కోసం రెండేళ్ళు చేశాను. ఆయన పోయాడు. ఏడాదైంది. నేను చేస్తే జరగదు. ఇంకెవరినైనా అడుగు."

ఈ మాటకు ఎవరైనా అయ్యో అంటారు, లేదా లేచి వేరే సీటు చూసుకుంటారు. లింగమ్మ అలాంటిదేం చేయలేదు. "అందరినీ అడుగుతనే ఉన్న" అంది. "ముత్యాలమ్మకు మొక్కిన. మౌలాలి గుట్టెక్కి దర్గాల దట్టి కట్టొచ్చిన. మా ఊరి అయ్యగారితోని పూజ చేయించిన. నిన్నొక్కదాన్ని ఎందుకు ఇడిచిపెట్టాలె? మీ ఆయనప్పుడు ఇనలేదు గద. ఒక్క మనిషి మాట రెండుసార్లు ఇనకుంట ఉంటడా?"

ప్రిస్కిల్లాకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, "మీ ఆయన ఎలా ఉన్నాడు?" అని అడిగింది.

"పైకి చెప్పడు గని భయపడుతుండు. రాత్రిళ్లు లైటు ఆర్పనిస్తలేడు."

ప్రిస్కిల్లా కళ్ళు మూసుకుంది. మహా ప్రేమగల పరలోకపు తండ్రీ అని నాలుక బయల్దేరబోయింది. ఆమె దాన్ని ఆపింది. తర్వాత చాలా మామూలుగా, పక్కనున్నవాళ్ళతో మాట్లాడినట్టు అంది. "వెంకటనర్సయ్యకు రేపు ఆపరేషన్. భయపడుతున్నాడట. నువ్వు పక్కన ఉండు. లింగమ్మ పక్కన కూడా. నీతో నాకింకా కోపం తగ్గలేదు. అయినా అడుగుతున్నాను." అంతకు మించి మాటలు లేవు. కన్నీళ్ళు మాత్రం మెడ దాకా వచ్చాయి, తుడుచుకోలేదు.

"అయిపోయిందా?" అంది లింగమ్మ.

"అయిపోయింది."

"గింతేనా? మంచిది. ముత్యాలమ్మకు గూడ గింతనే చెప్పిన" అని క్యారియరు సర్దుకుంది. తర్వాత మేడ్చల్ దాటేదాకా ప్రిస్కిల్లా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆ బరువుకు భుజం తిమ్మిరెక్కుతున్నా ప్రిస్కిల్లా కదల్లేదు. జూబ్లీ బస్టాండులో దిగగానే లింగమ్మ మూట నెత్తిన పెట్టుకుని, పోతున్నానని కూడా చెప్పకుండా జనంలో కలిసిపోయింది. ఫోను నంబరు తీసుకోవాలని ప్రిస్కిల్లాకు తట్టేసరికి ఆమె ఎటు పోయిందో తెలియలేదు.

ఇంటికి చేరేసరికి కూడిక సగం అయిపోయింది. వాకిట్లో, వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు. సైమన్ ఫోటోకు పూలదండ వేసి ఉంది. సారమ్మ కళ్ళతోనే నాలుగు తిట్టి పక్కన కుర్చీ చూపించింది. పాస్టరుగారు వాక్యం ముగించి గొంతు సవరించుకున్నారు. ఎటో చూస్తూ, "ప్రార్థనతో ముగించుకుందాం. నేనే..." అనబోయారు.

ప్రిస్కిల్లా లేచి నిలబడింది. కుర్చీల్లో ఒక కదలిక. ఆమె గొంతు పూర్వంలా గట్టిగా లేదు, వెనక వరసవాళ్ళు ముందుకు వంగి వినవలసి వచ్చింది. "సైమన్‌ని నాకిచ్చినందుకు వందనాలు. తీసుకెళ్ళావు. నాకది ఇంకా మింగుడుపడలేదు, నీకు తెలుసు. ఇప్పుడు వెంకటనర్సయ్య కోసం అడుగుతున్నాను. రేపు పొద్దున ఆయనకు..."

కుర్చీల మధ్య గుసగుస పుట్టింది. సారమ్మ కంగారుగా ఆమె చీర కొంగు లాగింది. "సైమన్ అనవే తల్లీ, సైమన్" అంది చెవి దగ్గర. పాపం, మళ్ళీ నోరు జారిందనుకుంది. ప్రిస్కిల్లా ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది. ఆపలేదు. వెంకటనర్సయ్య కోసం, లింగమ్మ కోసం, దవాఖానలో రాత్రి లైటు ఆర్పకుండా కూర్చున్న వాళ్ళందరి కోసం అడిగి, ఆఖర్న, "నా ఇల్లు ఖాళీగా ఉంది, వస్తూ ఉండు" అని ముగించింది.

అందరూ వెళ్ళాక సారమ్మ కప్పులు కడుగుతూ అడిగింది. "ఎవరే ఆ వెంకటనర్సయ్య?"

"బస్సులో ఒకావిడ భర్త అక్కా."

"మన విశ్వాసులా?"

"కాదు."

సారమ్మ ఈమె ముఖం చూసి, ఇంకో కప్పు కడగడానికి తీసుకుంది.

ఇప్పటికీ నెలకొకటో రెండో ఆదివారాలు ప్రిస్కిల్లా బస్సెక్కుతుంది, సారమ్మకు చెప్పే వెళుతుంది. ఆ ఇల్లు ఖాళీ ఇల్లే. రాత్రి మెలకువలూ పోలేదు. లేచి కూర్చుంటుంది, మంచినీళ్ళు తాగుతుంది, కొన్ని పేర్లు చెబుతుంది. వెంకటనర్సయ్య పేరు రోజూ చెబుతుంది. ఆ ఆపరేషన్ ఏమయిందో, ఆయన లేచి ఊరెళ్ళాడో, అసలు ఉన్నాడో పోయాడో ఆమెకు తెలియదు, తెలిసే దారి కూడా లేదు. ఒకప్పుడైతే పోయిన మనిషి కోసం అడుగుతున్నానేమోనన్న భయంతో నోరు కట్టుకునేది. ఇప్పుడు అడిగేస్తుంది. అడిగి, చీకట్లో ఎదురుగా కూర్చున్నవాడితో కాస్త విసుగ్గానే అంటుంది, "ఆయన సంగతి నీకు తెలుసు, నాకు చెప్పవు. సరే, చెప్పకు. కాసేపు కూర్చో."